ఎడమకాలి బూట్లు

"ఎడమకాలు," అంది ఫ్రేడల్.

రెండున్నరేళ్ళ హెషీ కుడికాలు చాపాడు. ఫ్రేడల్ ఆ కాలిని కింద పెట్టి రెండోది పట్టుకుంది. ముడి విప్పి, బూటు లాగి, పక్కనున్న పేముబుట్టలో వేసింది. వాడు మేజోడు వేసుకున్న కాలిని చల్లటి రాతినేల మీద ఆనించి, మొహం చిట్లించి, కుంటుకుంటూ మిగతా పిల్లల్లోకి వెళ్ళిపోయాడు.

ఒంటికాలి బూటుతో పిల్లవాడు దూరం పోడు. పోయినా, ఒక అడుగు టక్కుమని, ఒక అడుగు మెత్తగా పడుతుంది కనుక ఎటు పోయాడో చెవికి తెలుస్తుంది. పైగా మనుషులను ఒకటి, రెండు అని లెక్కపెట్టడం ఈ యూదుల్లో లేదు. దిష్టి తగులుతుందని భయం. బూట్లకు దిష్టి తగలదు. బుట్టలో ఎన్ని బూట్లుంటే వసారాలో అంతమంది పిల్లలన్నమాట. ఈ ఉపాయం ఫ్రేడల్ ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, తనే కనిపెట్టింది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఎవరూ ఆమెను అందుకు మెచ్చుకోనూ లేదు.

ఆమెకు అరవై మూడేళ్ళు. వెడల్పాటి మనిషి. నెరిసిన జుట్టును రెండు పిన్నులతో వెనక్కి బిగించి ఉంటుంది. పండుగకాని రోజుల్లో కోట్ల ఫ్యాక్టరీలో అంచులు కుట్టే పని. కుడిచేతి నడిమివేలి కొసన, సూది గుచ్చుకోకుండా తొడిగే అంగుస్తానా గుంట పడిపోయింది, సెలవు రోజుల్లోనూ అది పూడదు. పండుగ రోజుల్లో ఈ ప్రార్థనాలయం వసారాలో, బాలవాడి పిల్లల కుర్చీ మీద, మోకాళ్ళు పొట్టకు తగిలేలా కూర్చుని, బుట్ట పక్కన పెట్టుకుని, వీధి తలుపు వైపు మొహం పెట్టుకుని ఉంటుంది.

తలుపు అవతల కెనడాలోని విన్నిపెగ్‌లోకెల్లా రద్దీగా ఉండే వీధి. మెట్ల ముందే బస్సు ఆగుతుంది. ముప్ఫై రెండేళ్ళ కిందట ఇలాగే ఒక పండుగనాడు మూడేళ్ళవాడు ఒకడు మెట్లు దిగి, బస్సెక్కి, కిటికీ పక్కన సీటు చూసుకుని కూర్చున్నాడు. నాలుగో స్టాపు దగ్గర గాని డ్రైవరుకు అనుమానం రాలేదు. వాడు ఇప్పుడు పళ్ళ డాక్టరు. ఆ కథ చెప్పి అందరూ నవ్వుతారు గాని, ఆనాడు వాళ్ళమ్మ ఈ మెట్ల మీదే మూర్ఛపోయింది. ఆ మరుసటి ఏడు నుంచి కాపలాకు ఒక మనిషి కావాలన్నారు.

మామూలు ప్రార్థనలకైతే ఎవరైనా కూర్చోవచ్చు. చిక్కంతా పోయినవాళ్ళ ప్రార్థన దగ్గర వచ్చింది. ఏడాదికి నాలుగుసార్లు వస్తుంది అది. తల్లిగాని తండ్రిగాని పోయినవాళ్ళు లోపల నిలబడతారు. ఇద్దరూ ఉన్నవాళ్ళు బయటికి వచ్చేయాలి, ఉంటే అరిష్టం. అలా వచ్చేవాళ్ళంతా పడుచువాళ్ళు. వసారాలో చేరి కబుర్లలో పడతారు, పిల్లవాణ్ణి పక్కవాళ్ళు చూస్తున్నారని ప్రతివాళ్ళూ అనుకుంటారు. మంత్రసానులు ఎక్కువైతే బిడ్డ వంకర అన్నట్టు, పదిమంది పెద్దలున్నచోటే పిల్లలు జారిపోతారు. కబుర్లు లేని మనిషి, కన్నవాళ్ళు పోని మనిషి కావాలి. వెతికితే ఫ్రేడల్ దొరికింది.

ఆమె తల్లి బ్లూమా ఉంది. మూడు వీధుల అవతల వృద్ధాశ్రమంలో, తొంభై ఒక్క ఏళ్ళతో.

తండ్రి సంగతి వేరు. ఫ్రేడల్‌కు నాలుగేళ్ళప్పుడు బేరిష్ ఆమెను రైల్వేస్టేషనుకు తీసుకెళ్ళి, బెంచీ మీద కూర్చోబెట్టి, "ఇక్కడే ఉండు, కదలకు," అన్నాడు. కదలలేదు. చీకటి పడ్డాక బ్లూమా వెతుక్కుంటూ వచ్చేసరికి పిల్ల అక్కడే ఉంది, మొగుడు లేడు. ఆ తర్వాత ఉత్తరం లేదు, కబురు లేదు. చిన్నపిల్లలు తప్పిపోతారేమోనని అందరికీ భయమే, పెద్దవాళ్ళకు మాత్రం ఎవరూ కాపలా పెట్టరు. పోయాడని ఆధారం లేనిదే బ్లూమా విధవ కాదు, విడాకుల కాగితం లేనిదే మరొకరి భార్య కాలేదు. కూతురు పెద్దదయ్యాక ఒకసారి, నాన్న పేర ప్రార్థన చెప్పనా అని అడిగింది. "చచ్చాడని ఎవరు చూశారే? బతికున్నవాణ్ణి చంపుతావా?" అంది బ్లూమా. ఫ్రేడల్ మళ్ళీ అడగలేదు. వసారాలోనే ఉండిపోయింది. పెళ్ళి ఊసు ఒకటి రెండుసార్లు వచ్చింది, పోయింది.

ఈ రోజు పర్ణశాలల పండుగ ఎనిమిదో రోజు, ఆ ప్రార్థన ఉన్న రోజు. బయట ఆ ఏటి మొదటి మంచు సన్నగా రాలుతోంది. పదిన్నరకు గీటల్ వచ్చింది, ఒక చేతిలో కర్ర, రెండో చేతిలో నల్ల సంచీ. ఎనభై దాటినా నోరు తగ్గని ముసలమ్మ. ఆ సంచీలో చక్కెర పూసిన బాదంపప్పులుంటాయని నడక వచ్చిన ప్రతి పిల్లకూ తెలుసు. హెషీ అప్పుడే వెంటపడ్డాడు.

"ఏమే ఫ్రేడల్, అమ్మ ఎలా ఉంది?"

"అలాగే ఉంది, పిన్నీ."

"ఉండనీ. నూట ఇరవై ఏళ్ళు ఉండాలి. బ్లూమా పోయిందనుకో, నువ్వు లోపలికొస్తావు. నువ్వు లోపలికొస్తే ఈ కోతిమూక వీధిన పడుతుంది. నేనేదో మీ అమ్మ మీద ప్రేమతో దీవిస్తున్నాననుకునేవు!"

ఫ్రేడల్ నవ్వింది. ఈ హాస్యం ఏడాదికి నాలుగుసార్లు ఇదే మాటల్లో వింటుంది, నాలుగుసార్లూ నవ్వుతుంది. హెషీని నడుం పట్టి వెనక్కి లాగింది. గీటల్ లోపలికి వెళ్ళింది.

పదకొండు దాటాక లోపల బల్లమీద అరచేత్తో మూడు దెబ్బలు వినబడ్డాయి. తలుపులు తెరుచుకుని పడుచు జంటలన్నీ బిలబిలమంటూ వసారాలోకి వచ్చాయి. కుర్రతండ్రులు నలుగురు సిగరెట్లకని వీధి తలుపు తెరిచి మెట్లమీదికి వెళ్ళారు. చలిగాలి లోపలికి కొట్టింది. తల్లులతోపాటు లోపలున్న పిల్లలూ వచ్చిపడ్డారు. "ఎడమకాలు, ఎడమకాలు," అంటూ ఫ్రేడల్ చేతులు పనిచేసుకుపోయాయి. బుట్టలో బూట్లు పదిహేడయ్యాయి.

అప్పుడు వీధి తలుపులోంచి లెస్యా వచ్చింది. వృద్ధాశ్రమంలో బ్లూమాను చూసుకునే మనిషి. పండుగరోజు వీళ్ళు ఫోను ఎత్తరని ఆమెకు తెలుసు. ఏదైనా అయితే నేనే నడిచొస్తాలే అని చాలాకాలం కిందట మాటిచ్చింది. తలగుడ్డ మీద మంచు ఉంది.

"ఫ్రేడలక్కా," అని ఆగింది.

ఫ్రేడల్ తలెత్తి చూసింది.

"పదింపావుకి. పక్కనే ఉన్నాను. పాలు రెండు గుక్కలు తాగింది. చాలంది. కిటికీ వైపు తిరిగి పడుకుంది. దుప్పటి సర్దుదామని వంగాను. అంతే అక్కా."

"బాధపడిందా?"

"లేదు."

"సరే," అంది ఫ్రేడల్.

"వస్తావా నాతో?"

"పిల్లలున్నారుగా. నువ్వు కూర్చో, తడిసిపోయావు." ఆమె కళ్ళు లెస్యా కోటు అంచు మీద నిలిచాయి. జానెడు మేర కుట్టు ఊడి దారం వేలాడుతోంది. "అంచు పోయింది. పండుగ వెళ్ళాక ఇటివ్వు, కుట్టిపెడతాను."

లెస్యా గోడవారన బెంచీ మీద కూర్చుంది.

ఫ్రేడల్ ఏడుపు కోసం చూసింది. రాలేదు. తిమ్మిరెక్కిన కాలిలా ఉంది లోపలంతా. ఉందని తెలుస్తోంది, తాకితే తెలియడం లేదు. పదింపావుకి తను ఏం చేస్తోందో గుర్తు తెచ్చుకుంది. ఎవరిదో ముక్కు తుడుస్తోంది. ఆ తర్వాతే కదా గీటల్ వచ్చి అమ్మ ఎలా ఉందని అడిగింది. అలాగే ఉందని తను చెప్పింది. అది అబద్ధమని ఇద్దరికీ తెలియదు. ఈ ఆలోచన చుట్టూ ఎంతసేపు తిరిగిందో ఆమెకే తెలియలేదు.

అలవాటు కొద్దీ బుట్టలోకి చూసింది. బూట్లు పదిహేడు. వసారాలో మేజోళ్ళ కాళ్ళు చూసుకుంటూ పోయింది. పదహారు దగ్గర ఆగిపోయింది. మళ్ళీ చూసింది. పదహారే. పైన పడి ఉన్న చిన్న గోధుమరంగు బూటు హెషీది.

లేచింది. కుర్చీ వెనక్కి పడింది.

"హెషీ ఏడీ?"

వాడి తల్లి రేయ్నా ఇద్దరు స్నేహితురాళ్ళ మధ్య నిలబడి నవ్వుతోంది. "మీ దగ్గరే ఉన్నాడు కదత్తా!" అంది. అనేసరికి నవ్వు పోయింది.

మెట్లమీంచి తండ్రి లైబ్ తొంగిచూశాడు. "బయటికి ఎవరూ రాలేదత్తా. నేనిక్కడే ఉన్నానుగా." నిజమే, ఉన్నాడు, తలుపుకు వీపు పెట్టి.

ఫ్రేడల్ అతన్ని తోసుకుని మెట్లమీదికి వెళ్ళింది. బస్సు ఒకటి అప్పుడే కదిలిపోతోంది. ఆమె బస్సును చూడలేదు, మంచును చూసింది. పెద్ద బూట్ల గుర్తులున్నాయి. లెస్యా ఎక్కి వచ్చిన గుర్తులున్నాయి. ఒక బూటు, ఒక మేజోడు పడిన జాడ ఎక్కడా లేదు. మెట్టు మెట్టూ వంగి చూసింది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఒక్కసారి కూడా తప్పని చూపు ఇవాళ తప్పింది. అమ్మ పోయిందన్న మాటకు రాని భయం ఇప్పుడు వచ్చింది.

వెనక్కి వచ్చింది. ఆడవాళ్ళు కూర్చునే వైపు తలుపు బెత్తెడు తెరిచి ఉంది. నల్లసంచీ గుర్తొచ్చింది.

"లోపలున్నాడు," అంది.

రేయ్నా పరుగున వెళ్ళి గడప దగ్గర గోడకు గుద్దుకున్నట్టు ఆగిపోయింది. లోపల ప్రార్థన నడుస్తోంది. "మా అమ్మా నాన్నా ఇద్దరూ ఉన్నారు... నేనెలా వెళ్ళను?" అంది, ఏడుపు గొంతుతో. చుట్టూ చూసింది. వసారాలో ఉన్న అందరూ అదే బాపతు. ఒక్కరూ ముందుకు రాలేదు. "అత్తా, మీరూ వెళ్ళకూడదు కదా. ఎలా మరి?"

"నేను వెళ్ళొచ్చు," అంది ఫ్రేడల్.

రేయ్నాకు అర్థం కాలేదు. తర్వాత ఆమె చూపు బెంచీ మీద తలగుడ్డ విప్పి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న లెస్యా మీద పడింది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ఫ్రేడల్ అప్పటికే గడప దాటింది.

లోపల ఆడవాళ్ళు పుస్తకాలు మొహాలకు దగ్గరగా పట్టుకుని నిలబడి ఉన్నారు. పెద్దగా ఏడుపులు లేవు. ఎవరికి వారు పేర్లు చెప్పుకుంటున్న గుసగుస మాత్రం ఉంది. ఇన్నేళ్ళూ తలుపు అవతలనుంచి అది నీళ్ళు మరుగుతున్న చప్పుడులా వినబడేది. మూడో వరుసలో, గీటల్ బల్ల కింద, హెషీ సంచీని ఒళ్ళో పెట్టుకుని రెండు బుగ్గల నిండా బాదంపప్పులు కుక్కుకుని ఉన్నాడు. ఆమెను చూసి ఒకటి తీసి ఇవ్వబోయాడు. ఫ్రేడల్ వాణ్ణి లాగి ఎత్తుకుంది.

గీటల్ తల తిప్పింది. "నీకేమన్నా మతిపోయిందటే?" అని బుసకొట్టింది. "తల్లిని బతికుండగా పెట్టుకుని ఇక్కడికొస్తావా? పో, పో బయటికి!"

ఫ్రేడల్ కదలలేదు.

గీటల్ ఆమె మొహంలోకి చూసింది. బయటికి ఊపుతున్న చెయ్యి మెల్లగా కిందికి దిగింది. తన కర్ర పక్కకు తీసి, జరిగి, చోటిచ్చింది.

"ఎప్పుడే?"

"పొద్దున. నువ్వు అడిగేసరికే."

ముసలమ్మ ఫ్రేడల్ మోచెయ్యి పట్టుకుంది. తగ్గిన గొంతుతో, "మొదటి ఏడాది చెప్పకూడదు తల్లీ. ఊరికే నిలబడు, చాలు," అంది. అలా అంటూనే తన పుస్తకాన్ని ఇద్దరి మధ్యకూ జరిపింది.

ఒక పేజీలో తల్లికి చెప్పేది ఉంది. ఎదుటి పేజీలో తండ్రికి. ఫ్రేడల్ ఊరికే నిలబడింది. భుజం మీద హెషీ చక్కెర ఊపిరి తగులుతోంది. పేరు కోసం వదిలిన ఖాళీ ఒకటి తండ్రి పేజీలో ఉంది. వద్దనే మనిషి ఈ ఉదయం పాలు చాలన్నది. యాభై తొమ్మిదేళ్ళుగా ఆ స్టేషను బెంచీ మీంచి తను లేవలేదని ఆమెకు అప్పుడే తెలిసినట్టుంది. దుఃఖం రాలేదు. కోపమూ రాలేదు. కాళ్ళు మాత్రం బాగా నొప్పిపుట్టాయి.

"బేరిష్," అంది. తల్లి పెళ్ళి కాగితంలో చదివింది గుర్తు చేసుకుని, "ఎలీ కొడుకు బేరిష్," అంది.

గీటల్ విన్నది. పేజీ మీద వేలు పెట్టి, చదవాల్సిన వరుస చూపించింది.

తలుపులు తెరిచాక రేయ్నా కొడుకును అందుకుంది. వాణ్ణి తన కోటులో చుట్టుకుని, "రేపు నాట్యాలప్పుడు నేను కూర్చుంటానత్తా, మీరు రావద్దు," అని, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. రేపు పండుగ ఆఖరి రోజు, లోపల నాట్యాలకు జనం ఇంతకు రెండింతలు వస్తారు. "వీధి తలుపు వైపు మొహం పెట్టి కూర్చో," అంది ఫ్రేడల్ వెనకనుంచి. ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని వదిలారు. పండుగ పోయేదాకా మట్టి చెయ్యరు, పరామర్శకు ఇంటికి రారు. పిల్లలు ఆవేళ తమ బూట్లు తామే ఏరుకున్నారు. కొందరు కుడికాలికి తొడుక్కున్నారు.

ఫ్రేడల్ పడిపోయిన కుర్చీని నిలబెట్టింది, కోటు వేసుకుంది. లెస్యా తలుపు పట్టుకుంది. ఇద్దరూ మెట్లు దిగి వృద్ధాశ్రమం వైపు నడిచారు.

వసారాలో గోడవార, చిన్న కుర్చీ పక్కన, బుట్ట ఉంది. అందులో ఎవరూ తీసుకోని గోధుమరంగు ఎడమకాలి బూటు ఒకటి పడి ఉంది. దాని తాడుకు పొద్దున ఫ్రేడల్ విప్పిన ముడి మడత ఇంకా పోలేదు.