పైడితల్లి బరువు

నేను ఒక బరువు తూచే యంత్రాన్ని. ఒక ఇనుప పళ్లెం, దాని మీద గుండ్రటి అద్దం, అద్దం కింద అంకెలు, ఎర్రటి ముల్లు. నా ఒళ్లు ఇంతే. నన్ను తయారు చేసినచోట ఇరవై కిలోల గుండు పెట్టి పరీక్షించారు. గుండు ఊపిరి బిగపట్టలేదు, దేవుణ్ణి తలుచుకోలేదు. మనుషులను మొయ్యడం మొదలుపెట్టాక ఆ గుండు మీద నాకు గౌరవం పెరిగింది.

మొదట చీరల కొట్టు యజమాని ఇంట్లో ఉన్నాను. ఆయన భార్య ఒంటికాలి మీద నిలబడి కూడా చూసుకునేది. తగ్గకపోవడం నా తప్పేనని తేల్చి, పుణ్యం పురుషార్థం రెండూ కలిసొస్తాయని నన్ను మానసిక వైద్యశాలకు దానమిచ్చేసింది. ఆ పేరు బోర్డు మీదే ఉంటుంది. ఆటోవాళ్లు పిచ్చాసుపత్రి అంటారు.

ఆడవాళ్ల వార్డులో సోమవారం సోమవారం తూకం. చీరల కొట్టువారికి ఒళ్లు ఎక్కువైందని బెంగ. ఇక్కడివాళ్లకు అసలు ఒళ్లు తమదేనా అని అనుమానం. ఒకామె తన కాళ్లు తనవి కావనీ అక్కవనీ, వాటి బరువు తీసేసి చెప్పమనీ అడిగేది. ఒక పంతులమ్మ మందులు మొదలయ్యాక పద్నాలుగు కిలోలు పెరిగి, ఇది నా ఒళ్లు కాదంది. దాన్ని జబ్బు లక్షణాల్లో రాసుకున్నారు. ఆమె పాత జాకెట్టు తెచ్చి చూపించినా రాసింది కొట్టెయ్యలేదు.

పైడితల్లి జీడిపప్పు కార్ఖానాలో పనిచేసిన మనిషి. తన లోపల ఏమీ లేదని మూడేళ్లుగా చెబుతోంది. పేగుల్లేవు, గుండె లేదు, తిన్న అన్నం ఎటో పోతుంది. నేను యాభై రెండు కిలోలు చూపిస్తే అది చీర బరువంది. వార్డు హెడ్ నర్సు సలోమి సిస్టరు ఓపిగ్గా ఒక చీర మడిచి నా మీద పెట్టింది. నా ముల్లు కదల్లేదు. దీనికి తూచడమే రాదని పైడితల్లి తేల్చేసింది. నాకు కాస్త చిన్నతనమనిపించింది.

ఒక సోమవారం ఆమె నా మీద నిలబడి మెల్లగా అంది:

"సిస్టరమ్మా, ఈపాలి లోపల ఏదో ఉంది. నొప్పెడతంది."

కుర్ర డాక్టరు చక్రపాణికి ఈ మాట చేరింది. ఆయన చాలా సంతోషించాడు. మూడేళ్ల తరువాత కడుపుందని ఒప్పుకుంది మరి. కోలుకుంటోందని రాశాడు. మరుసటి వారం నొప్పి ఎక్కువైందంటే ఇంకా సంతోషించి, మందు పనిచేస్తోందని మోతాదు పెంచాడు.

వార్డులో అరవై మంది, సిస్టర్లు ఇద్దరు. అందుకని సోమవారాలకు ఒక పద్ధతి ఏర్పడింది. మనిషి ఎక్కుతుంది, దిగుతుంది, రిజిస్టరులో పోయిన వారం అంకె పడుతుంది. నేను యాభై చూపించాను. నలభై ఏడు చూపించాను. నలభై మూడు కూడా చూపించాను. రిజిస్టరులో యాభై రెండు చెక్కుచెదరలేదు. నోరు లేనందుకు నేను ఎప్పుడూ బాధపడలేదు. అప్పుడు మాత్రం ఏడుపొచ్చింది.

ఏడో సోమవారం పైడితల్లి ఎక్కింది, దిగలేదు. వెనక వరసలో గొడవ మొదలైంది. ఆయా చెయ్యి పట్టుకుని లాగింది. పైడితల్లి వంగి నా అద్దం మీద వేలు పెట్టింది.

"నా మాటొగ్గేయండి. ఇది సెప్తంది, సూడండి."

సలోమి సిస్టరు వంగి చూసింది. నలభై ఒకటి. రిజిస్టరు చూసింది. ఆ రాత తనదే. అరగంటలో పైడితల్లిని అంబులెన్సులో పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది. ఎక్కణ్ణుంచి వచ్చారో కాగితంలో చూసి, వీళ్లు ఇలాగే అంటుంటారని అక్కడ తిప్పి పంపబోయారట. సిస్టరు గుమ్మంలోంచి కదల్లేదట. చివరికి చూస్తే పేగుకు క్షయ పట్టి దారి మూసుకుపోయింది. కోసి అడుగు పొడవు పేగు తీసేశారు.

తరువాత విచారణ జరిగింది. ముగ్గురు పెద్దమనుషులు వచ్చి, టీ తాగి, యంత్రం తప్పు చూపించిందని తేల్చారు. తప్పు తనదేనని సిస్టరు రాసిచ్చినా వినలేదు. నన్ను విరిగిన మంచాల గదిలో పడేశారు.

ఆ గదిలోనే పాత దుప్పట్లు కూడా ఉంటాయి. నెల తిరిగాక సిస్టరు వాటి కోసం వచ్చింది, సాయానికి పైడితల్లి వచ్చింది. నన్ను చూసి అలవాటు కొద్దీ ఎక్కింది. కుట్ల మీద చెయ్యి వేసుకుంది.

"అడుగు పేగు తీసినారంట. అంటే ఉండీదన్నమాటే గదా. మిగతాది ఉందా సిస్టరమ్మా? నాకేటీ తెల్డం నేదు."

"ఉందమ్మా. ఆపరేషన్ గదిలో నేనూ ఉన్నాను. చూశాను."

పైడితల్లి చాలాసేపు ఆలోచించింది. లోపల ఒకసారి వెతుక్కున్నట్టుంది, ఏమీ దొరికినట్టు లేదు.

"సర్లెండి. మీరు సెప్తన్నారు గదా, ఉందనే అనుకుంటాను."

ఆమె మాట నమ్మడానికి ఏడు వారాలు పట్టిన సిస్టరు, చేతిలో దుప్పటికి ముఖం ఆనించుకుని ఏడ్చింది.