పన్నెండు నిమిషాల గిన్నె

అయిత్ వసూల్ బడిలో పొద్దున్నే మొదలయ్యేది పాఠం కాదు, చీపురు. రాత్రంతా కొండగాలి మోసుకొచ్చిన దుమ్ము గదిలో వేలెడు మందాన పరుచుకుని ఉండేది. పిల్లలు ఊడ్చి, బల్లలు తుడిచి, పొయ్యిలో రెండు పుల్లలు పడేశాక, ఉస్తాద్ బుజెమా వాళ్ళలో ఒకర్ని వానకొలత చూసి రమ్మని బయటికి పంపేవాడు. అది నడుం దాకా కోసిన వంటనూనె సీసా. వెళ్ళినవాళ్ళు దాదాపు రోజూ ఒకే కబురు పట్టుకొచ్చేవాళ్ళు.

"సున్నా, ఉస్తాద్."

"అయితే సున్నా అనే రాయి. అదీ లెక్కలోదే."

ఒకే గది, ఆరు తరగతులు, ఇరవై ముగ్గురు పిల్లలు. ప్రయోగశాల ఊసే లేదు. అందుకని బుజెమా ఊరినే ప్రయోగశాల చేసుకున్నాడు. ఆలివ్ గానుగ దగ్గర మీట పాఠం, బావి దగ్గర గిలక పాఠం, రొట్టెల పొయ్యి దగ్గర వేడి పాఠం. విహారయాత్ర అంటే వరసకట్టి కాలవ దాకా నడిచి రావడమే. నల్లబల్ల పైమూల ఒక మాట రాసి, ఆరేళ్ళుగా దాన్ని ఎవరినీ చెరపనివ్వలేదు: చూసింది రాయండి, అనుకున్నది రాయకండి.

ఇత్తో చివరి బల్లలో, కిటికీ పక్కన కూర్చునేది. పన్నెండేళ్ళ పిల్ల, ఆరో తరగతి. ఆమె నీడ పడ్డచోట నేల తడిసేది. పుట్టినప్పట్నుంచీ అంతే. బడిలో ఆమె వెనకున్న గోడ మీద జడతో సహా ఆడపిల్ల ఆకారంలో సున్నం ఊడిపోతే, ఏటా శీతాకాలం ముందు వాళ్ళ నాన్న వచ్చి ఆ మేరకు మళ్ళీ పూసి పోయేవాడు. మిద్దెల మీద బంగారంలా మెరిసే ఆప్రికాట్లు ఎండబోసుకునే ఆడవాళ్ళు ఆమెను చూడగానే కేకలేసేవాళ్ళు.

"ఒసేయ్ ఇత్తో, ఆ నీడ అవతలికి తియ్యవే! నా పళ్ళు బూజు పడితే మీ అమ్మ ఇస్తుందా?"

చిక్కుడు గింజల ప్రయోగం కూడా ఆమె వల్లే చెడింది. తడి దూదిలో ఐదు గింజలు, పొడి దూదిలో ఐదు. పొడివి మొలవకూడదు. ఇత్తో పళ్ళెంలో అన్నీ మొలిచాయి. బుజెమా ఆమెను కోప్పడలేదు. "సూర్యుణ్ణి ఎదురుగా పెట్టుకో తల్లీ. నీడ వెనక్కి పోతుంది," అన్నాడు. అప్పట్నుంచీ ఆ పిల్ల ఎక్కడ కూర్చున్నా ముందు ఎండ ఎటుందో చూసుకుని కూర్చునేది. ఆమె వెనకాల పుదీనా మొలిచేది.

ఆమె తాత హమ్మూ ఊరికి నీరటి. కాలవ నీళ్ళు ఎవరి మళ్ళకి ఎంతసేపు పారాలో తేల్చేది ఆయన రాగిగిన్నె. గిన్నె అడుగున సూదిమొన పట్టేంత రంధ్రం. నీళ్ళ తొట్టిలో వదిలితే మెల్లగా నిండి, బుడుంగున మునుగుతుంది. మునిగినప్పుడల్లా తాడుకి ఒక ముడి. హాజీ అస్సూకి ఇరవై ముళ్ళ నీళ్ళు. భర్త పోయిన ఫాద్మాకి రెండు. ఆ గిన్నె చెప్పిందే ఊళ్ళో కాలం.

ఆ ఏడాది కాలవ యాత్రలో బుజెమా తన చేతిగడియారం విప్పి పిల్లల చేతికిచ్చాడు. హమ్మూ తాత నవ్వాడు.

"ఉస్తాద్, నీ గడియారం తప్పిందో లేదో నా గిన్నెనడిగి తెలుసుకుంటున్నావా? మంచిది. బ్యాటరీ అయిపోయినా మొహమాటపడకు, రా, టైం చెబుతా."

ఇత్తో సూర్యుడికి ఎదురుగా కూర్చుని మూడు రోజుల్లో ముప్పైసార్లు కొలిచింది. ముప్పైసార్లూ పన్నెండు నిమిషాలే. ఒకటి రెండుసార్లు పదిసెకన్లు అటూ ఇటూ. ఎండలో, చలిలో, బురదనీళ్ళలో, తేటనీళ్ళలో విడివిడిగా కొలిచి పట్టిక గీసింది. చివర, తననెవరూ అడక్కపోయినా, ఒక వాక్యం రాసింది: రంధ్రంలో సున్నం పేరుకుంటే గిన్నె ఆలస్యంగా మునుగుతుంది, పెద్దవంతు వాళ్ళకి లాభం, కాబట్టి నెలకోసారి గిన్నె రుద్దాలి.

ఆ వాక్యం చదివిన రోజు బుజెమాకి అన్నం సహించలేదు, సంతోషంతో. ఊళ్ళో చదువు ఆరుతో ఆఖరు. ఆపైన చదవాలంటే కనుమ అవతల పట్నంలో ఉండాలి. పట్నంలో జరిగే విజ్ఞాన ప్రదర్శనలో కొండబడుల నుంచి మొదటొచ్చిన ఆడపిల్లకి అక్కడి వసతిగృహంలో చోటిస్తారు. ఒక్కటే చోటు.

"నాకొస్తుందా ఉస్తాద్?" అనడిగింది ఇత్తో.

"నీ పట్టిక లాంటిది నేను నా చదువులో కూడా గియ్యలేదు."

హమ్మూ తాత అదే కొలత పలికే తన తాతలనాటి రెండో గిన్నెను ఉన్నిగుడ్డలో చుట్టి ఇచ్చాడు. ఆ తెల్లారి సంతకు గొర్రెల్ని తోలే బండిలో ఏడుగురు పిల్లలు ఎక్కారు. కనుమ మలుపుల్లో నలుగురు కక్కుకున్నారు. మిగిలిన ముగ్గురూ ఆ నలుగురి వంతు ఉడికిన గుడ్లు కూడా తిన్నారు. ఇత్తో దారంతా గిన్నెను ఒళ్ళోంచి దించలేదు.

ప్రదర్శన పెద్ద హాల్లో. కిటికీల్లేవు. కప్పు నిండా, గోడల నిండా గొట్టపు దీపాలు. పిల్లలు లోపలికి అడుగుపెట్టగానే ఆగిపోయి, నేల వంక చూసి పకపక నవ్వారు.

"ఇత్తో, మీ అక్కచెల్లెళ్ళందర్నీ తెచ్చావేంటే!"

ఆమె చుట్టూ నాలుగు నీడలున్నాయి. నాలుగూ పల్చగా, నాలుగు దిక్కులకీ.

బుజెమాకి అప్పుడే తట్టాల్సింది. తట్టలేదు. బల్ల మీద గుడ్డ సర్దుతూ, వెనక గోడకి పట్టిక వంకర లేకుండా అతికిస్తూ ఉన్నాడు.

న్యాయనిర్ణేతలు ముగ్గురు, ఒకావిడా ఇద్దరు మగవాళ్ళూ. ఇత్తో గొంతు వణక్కుండా అంతా చెప్పింది. గిన్నె నీళ్ళలో వదిలింది. ఉస్తాద్ గడియారం చేతిలో పట్టుకుంది. వదిలిన కాసేపటికే గిన్నె లోపలి అంచుల్లో చెమట పట్టినట్టు చుక్కలు లేచాయి. లేచి, ఒకదానికొకటి అంటుకుని, అడుక్కి జారాయి. ఇత్తో చూసింది. ఎడమకి జరిగింది. కుడివైపు దీపం ఇంకో నీడని గిన్నెలోకి తోసింది. వెనక్కి తగ్గింది.

"బల్ల దగ్గరే నిలబడమ్మా. ప్రయోగం నీదే కదా, పారిపోతావేం?" అన్నాడు నిర్ణేతల్లో ఒకాయన, నవ్వుతూనే.

గిన్నె మునిగింది. తొమ్మిది నిమిషాలు. ఇంకోసారి. తొమ్మిదే. మూడోసారి ఎనిమిదిన్నర.

"గోడమీద పన్నెండని ఉంది," అందావిడ. "ఇవాళ్టి కొలతలు కూడా ఆ గళ్ళలో రాయి, చూద్దాం."

వాళ్ళు పక్కబల్లకి జరిగారు. ఇత్తో కలం పట్టుకుని బుజెమా చెవి దగ్గరికి వచ్చింది.

"ఉస్తాద్, పన్నెండు రాసెయ్యనా? మన ఊళ్ళో పన్నెండే కదా. అబద్ధం కాదుగా."

ఆరేళ్ళుగా నల్లబల్ల మీదున్న మాట బుజెమా నోటికి దానంతటదే వచ్చింది.

"చూసింది రాయి తల్లీ."

ఇత్తో రాసింది. తొమ్మిది, తొమ్మిది, ఎనిమిదిన్నర.

ఆవిడ తిరిగొచ్చి అంకెలు చూసింది. తడిసి ఉబ్బిన బల్లగుడ్డని వేలితో తడిమింది. పిల్ల నీడల వంక, గిన్నె వంక చూసింది. బుజెమా అంతా విడమరిచి చెప్పాడు. ఆవిడ ఓపిగ్గా విని తలూపింది.

"అర్థమైంది. కానీ తన నీడ సంగతి ఆ పిల్లకి తెలుసు కదా? తెలిసీ దాన్ని గిన్నెకి దూరంగా ఉంచలేదు. ప్రయోగంలో అది లోపమే, ఉస్తాద్. మీరూ పిల్లలకి నేర్పేది ఇదే అనుకుంటా."

అవును, తను నేర్పేది అదే.

వసతిగృహం చోటు పక్కలోయ పిల్లకి దక్కింది. మట్టితో అగ్నిపర్వతం చేసి, సోడా వేసి, ఎర్రటి నురగ పొంగించింది. దాని కింద అట్టమీద 'లోపలి వేడి వెయ్యి డిగ్రీలు' అని రాసి ఉంది. బుజెమా ఆ అంకె దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. ఆ మట్టిముద్దలో వేడి ఎవరు కొలిచారో అడుగుదామనుకుని, అడక్కుండా వచ్చేశాడు.

ఇంకో దారుంది. ఊరి సంఘం పెద్ద సంతకం పెడితే వసతిగృహం వాళ్ళు మిగిలిన మంచాల్లో ఒకటి ఇస్తారు. సంఘం పెద్ద హాజీ అస్సూ. బుజెమా అర్జీ తీసుకుని వెళ్తే, హాజీ స్వయంగా టీ పోశాడు, మూడు గ్లాసులు తాగిందాకా వదల్లేదు.

"పిల్ల వెళ్తే నీడ కూడా వెళ్తుంది కదా ఉస్తాద్."

"అది ఆ పిల్ల నీడ, హాజీ."

"కాదన్నానా? కానీ పడేది ఊరి నేల మీద." అర్జీని మడిచి టీ పళ్ళెం కింద పెట్టాడు. "వాన లేదు. మీ సీసాలో సున్నా అని మీ పిల్లలే చెబుతున్నారు. నా ఆపిల్ మొక్కల మధ్య రోజుకో గంట నడవమను. ఊరికే వద్దు, బార్లీ పంపిస్తా. చదువు ఎక్కడికి పోతుంది?"

ఇత్తో రెండు వేసవులు హాజీ తోటలో నడిచింది. మొక్కలు కాయలకొచ్చాయి. ఇక ఆమె అవసరం లేకపోయింది. ఈలోగా హమ్మూ తాత కళ్ళు మసకబారాయి. గిన్నె ఆమె చేతికొచ్చింది. పద్నాలుగేళ్ళకి ఊరి నీరటి అయింది. ఎండకి ఎదురుగా కూర్చుని ముళ్ళు వేసేది. ఆమె చేతిలో గిన్నె ఒక్క వంతు కూడా తప్పలేదని అందరూ మెచ్చుకునేవాళ్ళు. వెనకాల పుదీనా మోకాలెత్తు పెరిగింది.

ఆ వసంతంలో బుజెమా కొత్త ఆరో తరగతిని కాలవ యాత్రకి తీసుకొచ్చాడు. నలుగురే పిల్లలు. గడియారం తూదా అనే పిల్ల చేతికిచ్చాడు. హాజీ అస్సూ వంతు నడుస్తోంది. ఆయన పాలేరు పైన తూము దగ్గర వాల్‌నట్ చెట్టు కింద టోపీ మొహాన కప్పుకుని పడుకున్నాడు.

ఇత్తో వాళ్ళని చూసి చిన్నగా తలూపింది. లేవలేదు. ఏదో తేడాగా ఉందనిపించింది బుజెమాకి. ఏమిటో అర్థమవడానికి ఒక గిన్నె మునిగేంతసేపు పట్టింది. పుదీనా ఆమె వెనకాల లేదు, ఎదురుగా ఉంది. ఆమె ఎండకి వీపు పెట్టి కూర్చుంది.

"తొమ్మిది నిమిషాలు, ఉస్తాద్!" అని అరిచింది తూదా.

ఇత్తో తాడుకి ముడి వేసి, గిన్నె ఖాళీ చేసి మళ్ళీ వదిలింది. జడనీడ గిన్నె అంచు మీదుగా లోపలికి వాలింది. చుక్కలు లేచాయి.

"మళ్ళీ తొమ్మిదే!"

ఇరవై ముళ్ళూ పడేసరికి మామూలు కంటే గంట ముందు తూము మారింది. దిగువన ఫాద్మా పార భుజాన వేసుకుని పరుగెత్తుకొచ్చింది. "అప్పుడే నా వంతా? దేవుడు చల్లగా చూడాలి!" అంటూ తన చిక్కుడు మడికి గండి తెరిచింది. పాలేరు ఇంకా లేవలేదు. ఇత్తో లేచి, తొట్టికి అవతలి పక్కకి నడిచి, ఎండకి ఎదురుగా కూర్చుంది.

తూదా పుస్తకం తెరిచి పట్టుకుంది. "హాజీ వంతుకి తొమ్మిదని రాయనా ఉస్తాద్? కింది తరగతిలో హాజీ మనవడు మన పుస్తకాలు ఇంటికి తీసుకెళ్ళి తాతకి చూపిస్తాడు."

బుజెమా ఇత్తో వంక చూశాడు. ఆమె కళ్ళెత్తి ఆయన్నే చూస్తోంది. బతిమాలుతున్నట్టు లేదు, భయపడుతున్నట్టూ లేదు.

"పన్నెండు రాయి," అన్నాడు.

"కానీ ఉస్తాద్, చూసింది..."

"పన్నెండు రాయమ్మా."

తూదా కాసేపు ఆయన మొహంలోకి చూసి, పన్నెండు రాసింది. మిగతా ముగ్గురూ ఆమె పుస్తకంలో చూసి రాసుకున్నారు.

ఇత్తో ఫాద్మా కోసం గిన్నెని నీటిమీద వదిలింది.

"ఆ రోజు పట్నంలో నేనడిగింది కూడా ఈ అంకే, ఉస్తాద్," అంది.