నెలూ ఎడమకాలి మీద పదిహేడేళ్ళు

నేను ఒక షిన్‌గార్డ్‌ని. ఫుట్‌బాల్ ఆడేవాళ్ళు మోకాలికి దిగువన, ఎముకకి అడ్డంగా, సాక్సు లోపల దోపుకునే అరచెయ్యంత ప్లాస్టిక్ పలక ఉంటుంది చూడండి, అదే. ఇంకా కచ్చితంగా చెప్పమంటే, ఎడమకాలి దాన్ని. నెలూతో నాలుగు వందల పైచిలుకు మ్యాచ్‌లు ఆడాను. వాటిలో ఒక్కటీ కళ్ళారా చూడలేదు. సాక్సు లోపల చీకటి. నాకు తెలిసిన ఆటంతా చప్పుళ్ళు, చెమట, చర్మం కింద నెత్తురు కొట్టుకోవడం. మిగతాది తర్వాత బట్టల గదిలో విన్నది. అయినా స్టేడియంలో కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ అంతా చూసిన జనంకంటే నాకే ఆ మనిషి బాగా తెలుసని చాలాకాలం గర్వపడ్డాను.

రొమేనియాలో బకెట్లు చేసే ఫ్యాక్టరీలో పుట్టాను. ఆ ఏడు బకెట్లు అమ్ముడుపోక, మిగిలిన ముద్దతో మమ్మల్ని అచ్చు వేశారు. అందుకే నాది బకెట్ నీలం. నాతోపాటు పుట్టిన కుడికాలిది మొదటి చలికాలంలోనే ఉతుకుల్లో ఎక్కడో పోయింది. తర్వాత ఐదు కుడికాళ్ళవి నాకు జతగా వచ్చి పోయాయి. దేనితోనూ స్నేహం కుదరలేదు. మనుషులు జతలంటే కలిసి ఉంటాయనుకుంటారు. మేం ఒకే మనిషిని పట్టుకుని, ఎప్పుడూ ఒకరికొకరు ఎదురుపడకుండా బతికాం.

నన్ను కొర్నెల్ ప్రునారు చేతిలో పెట్టింది నేయా ఫనికా. నేయా అంటే అక్కడ పెద్దవాళ్ళని పిలిచే మాట, బాబాయ్ అన్నట్టు. ఆయన ఒక చిన్న పట్నం క్లబ్బులో బట్టలూ బూట్లూ చూసుకునేవాడు. కొర్నెల్‌ని అందరూ నెలూ అనేవాళ్ళు. అప్పుడు పదిహేడేళ్ళు. సన్నని కాళ్ళు, ఎడమ అంచున గాలిలా పరుగు. వింగర్ అంటే అదే కదా: అంచు వెంట పరిగెత్తి, గోల్ ముందున్న వాళ్ళకి బంతిని ఎగరేసి అందించేవాడు.

రెండో మ్యాచ్‌లో ఒక డిఫెండర్ బూటు మేకులు నా మీద దిగాయి. నాకు గీత పడింది. ఎముకకి ఏమీ కాలేదు. కానీ ఎముక వెనక ఎక్కడో, నా కాపలా లేని చోట, ఏదో చిట్లింది. ఆ రోజునుంచి ఎదుటివాడు మూడడుగుల దగ్గరికి వచ్చాడంటే చాలు, నా వెనక చల్లని చెమట కారేది. నెలూ వెంటనే బంతిని ఎగరేసి వదిలించుకునేవాడు. వేడి గిన్నె పట్టుకున్నవాడు ఎంత తొందరగా దించేస్తాడో, అంత తొందరగా.

ఇక్కడే మనుషుల విచిత్రం చూడండి. మా సెంటర్ ఫార్వర్డ్ ఒక భారీకాయుడు, పరిగెత్తడం బద్ధకం. ఎప్పుడూ గోల్ ముందే నిలబడి ఉండేవాడు. నెలూ భయంతో తోసేసిన బంతి ఎవరూ సర్దుకోకముందే వెళ్ళి అతని నుదుటికి తగిలేది. ఒక బద్ధకమూ ఒక భయమూ కలిసి ఆ ఏడు పందొమ్మిది గోల్స్ చేశాయి. పేపర్లలో ప్రునారుకి దూరదృష్టి ఉందని రాశారు. పెద్ద క్లబ్బు వాళ్ళు వచ్చి తీసుకుపోయారు. అక్కడి కోచ్ బల్ల మీద బాణాలు గీసి, డిఫెండర్ దగ్గరికి రాకముందే బంతి వదలడం ఎలాగో మిగతావాళ్ళకి పాఠం చెప్పాడు. మొదటి డివిజన్‌లో ఆరేళ్ళు. పది మంది ఎంతో కష్టపడి, సాధన చేసి, ఒక మనిషి వణుకుని నేర్చుకున్నారు. నాకు మాత్రమే తెలుసుననుకుని సాక్సులో నవ్వుకునేదాన్ని.

తర్వాత క్లబ్బులు మారాయి. కోచ్‌లు మారారు. ముప్ఫై రెండేళ్ళప్పుడు నెలూ మళ్ళీ సొంత పట్నానికే వచ్చాడు. అప్పటికి ఆ జట్టు రెండో డివిజన్‌లో అడుగున ఈదుతోంది. ముప్ఫై నాలుగో ఏట, ఆఖరి మ్యాచ్ వచ్చింది. ఓడితే మూడో డివిజన్‌కి జారిపోతాం, క్లబ్బు మూసేస్తారు. డ్రా చేసినా నిలబడతాం. నెలూకి కావలసింది ఒక్కటే: ఇంకొక్క సీజన్. ఆ వయసు వింగర్‌ని వేరే ఎవరూ పిలవరని అతనికి తెలుసు. ఫుట్‌బాల్ లేని ఆదివారం ఎలా ఉంటుందో ఊహించుకుని ముందురోజంతా సరిగ్గా తిననేలేదు. మ్యాచ్ రోజు మాత్రం అలవాటు ప్రకారం కుడిదాన్ని జట్టు సంచిలోనే వదిలి, పొద్దున్నే ఇంట్లోనే నన్నొక్కదాన్నే కాలికి కట్టుకుని, పైన ప్యాంటు వేసుకుని బస్సెక్కాడు.

అక్కడి జట్లకి ఒక పట్టింపు ఉంది. మ్యాచ్‌కి వెళ్ళే బస్సు వెనక్కి నడవకూడదు. నడిచిందా, ఓటమే. దారిలో వంతెన మరమ్మతు జరుగుతోంది. డ్రైవర్ మట్టిదారి పట్టాడు. అది నడుమెత్తు మొక్కజొన్న చేల మధ్య మెలికలు తిరిగి, తాళం వేసిన ఒక పంపు షెడ్డు గోడ దగ్గర ఆగిపోయింది. డ్రైవర్ గేరు కర్ర మీద చెయ్యి వేశాడు. కోచ్ లేచి వచ్చి ఆ చెయ్యి పట్టుకున్నాడు. ఆటగాళ్ళు ఆయన్ని మిస్టర్ అంటారు. అక్కడ కోచ్‌లందరూ మిస్టర్లే. చదువుకున్న మనిషి. ఇంజనీరింగ్ పట్టా ఉంది. చేలోకి పోనిచ్చి చుట్టూ తిప్పుకురమ్మన్నాడు.

చేలో బస్సు దిగబడింది. అందరూ దిగి తోశారు. ముందుకే తోశారు. చేను గల ఆవిడ పార పట్టుకుని వచ్చింది.

"నాలుగడుగులు వెనక్కి పోతే అయిపోయేదానికి నా చేనంతా తొక్కుతారేంటయ్యా?" అంది.

"వెనక్కి పోతే డివిజన్ పోతుందమ్మా," అన్నాడు మిస్టర్.

"నా చేను పోయింది గదా. అది ఏ డివిజనూ?"

ఇంజనీరు మళ్ళీ బస్సు తొయ్యడానికి వెళ్ళాడు. ఎలాగో బయటపడ్డారు. ఆ కుదుపుల్లో బస్సు పక్కనుండే సామాను తలుపు తెరుచుకుని, ఒక సంచి మొక్కజొన్నల్లో పడిపోయిన సంగతి స్టేడియం చేరాక గాని తెలియలేదు. నేను తప్ప జట్టు మొత్తం షిన్‌గార్డ్‌లు అందులోనే ఉన్నాయి.

అవి లేకుండా రిఫరీ ఆడనివ్వడు. ఎదుటి జట్టు మనిషి తమ దగ్గర తమ కాళ్ళకి సరిపడానే ఉన్నాయని చాలా మర్యాదగా చెప్పాడు. నేయా ఫనికా క్యాంటీన్‌కి వెళ్ళి వేఫర్ బిస్కట్ల అట్టడబ్బాలు పట్టుకొచ్చాడు. కత్తితో అట్ట కోసి, మడత పెట్టి, టేపు చుట్టి అందరి సాక్సుల్లో దోపాడు. రిఫరీ ఒక్కొక్క కాలినీ వేలితో కొట్టి చూసి, అట్ట పనికిరాదని రూల్‌లో ఎక్కడా లేదని ఒప్పుకున్నాడు.

చిక్కు సాండు దగ్గర వచ్చింది. నెలూ వెనక ఎడమ డిఫెన్స్ ఆడేది సాండు. వారం కిందట అతని ఎడమకాలి ఎముక మీద ఏడు కుట్లు పడ్డాయి. అక్కడ అట్ట ఆగదు. అతను ఆడకపోతే ఆ చోట ఆడేవాడు లేడు. గదిలో నిజమైన షిన్‌గార్డ్ ఒక్కటే మిగిలింది. అందరూ నెలూ ఎడమకాలి వంక చూశారు. చూసి, వెంటనే గది పైకప్పు వంక చూశారు. మిస్టర్ బూటు తాడు కట్టుకున్నాడు, అది అప్పటికే కట్టి ఉన్నా. ఎవరూ అడగలేదు.

ఎందుకు అడగలేదో నాకప్పుడు అర్థం కాలేదు.

నెలూ నరం నా వెనక డోలులా కొట్టుకుంది. పదిహేడేళ్ళలో అంత గట్టిగా ఎప్పుడూ కొట్టుకోలేదు. అతను వంగి నన్ను లాగాడు.

"ఇంద," అన్నాడు సాండుతో. "చెమటగా ఉంది. తుడుచుకో."

సాండుకి సాక్సులు చీలమండల దాకా జార్చుకునే అలవాటు. అలా మొట్టమొదటిసారి నా తల బయటికి వచ్చింది, నేను గ్రౌండు చూశాను. అది పచ్చగా ఉంటుందని ఎవరూ చెప్పలేదు. ఆటలో నెలూని కూడా అప్పుడే చూశాను. ఇన్నేళ్ళు అతన్ని లోపలినుంచి ఎరుగుదును. బయట ముఖం మామూలుగా, కొంచెం పొగరుగా కూడా ఉండడం చూసి ఆశ్చర్యపోయాను. అంత మోసం చేసే ముఖంతో అతను వ్యాపారంలోకి దిగి ఉండాల్సింది.

ఎనభై ఎనిమిది నిమిషాలు ఎవరికీ గోల్ లేదు. అప్పుడు సాండు ముందుకు పోయి, వెనక్కి రాలేక రొప్పుతూ నిలబడిపోయాడు. ఎదుటి జట్టు కుడివైపు డిఫెండర్, రైట్ బ్యాక్, బంతి తీసుకుని మా అంచు వెంట దూసుకొచ్చాడు. మధ్యలో ఉన్నది నెలూ ఒక్కడే. ఆ రైట్ బ్యాక్ పదేళ్ళుగా అతనికి ఎదురాడినవాడు. ప్రునారు పక్కకి తప్పుకుంటాడని అతనికి బాగా తెలుసు.

నెలూ తప్పుకోలేదు. కళ్ళు గట్టిగా మూసుకుని, వేఫర్ల అట్ట కట్టిన కాలు ముందుకు చాచి, గడ్డిమీద జారాడు. బంతికి గజం దూరంలో జారాడు. దేన్నీ తాకలేదు. కానీ ప్రునారు మీదికి రావడం చూసి ఆ రైట్ బ్యాక్ నివ్వెరపోయి బంతిని వదిలి అతన్నే చూస్తూ ఉండిపోయాడు. బంతి తనంతట తాను దొర్లుకుంటూ పక్క గీత దాటింది. రిఫరీ మాకు త్రో ఇచ్చాడు. కాసేపటికి ఆఖరి ఈల వేశాడు.

నిలబడ్డాం. నెలూకి ఇంకొక్క సీజన్ దొరికింది.

స్నానాల గదిలో నేయా ఫనికా నన్ను కడిగి తెచ్చి నెలూకి ఇవ్వబోతే, అతను సాండు దగ్గరే ఉండనివ్వమన్నాడు. సాక్సులోంచి నానిపోయిన అట్ట తీసి, నవ్వుతూ చెత్తబుట్టలో వేశాడు. నాకు కష్టం కలగలేదంటే అబద్ధం.

ఆ సీజనంతా సాండు కాలిమీదనుంచి చూశాను. నెలూ కనిపించిన ప్రతి బంతి మీదికీ ఎద్దులా వెళ్ళాడు. రెండు పళ్ళు ఊడాయి. ఒక పక్కటెముక విరిగింది. డిఫెండర్ వచ్చేదాకా ఆగి, అతనితో ఢీకొని, పడి, లేచి, అప్పుడు బంతి ఎగరేసేవాడు. అప్పటికి గోల్ ముందు గోడ కట్టినట్టు జనం ఉండేవాళ్ళు. ఏడాదిలో ఒక్క గోల్‌కీ బంతి అందించలేదు. పేపర్లలో ప్రునారుకి దూరదృష్టి తగ్గిందని, వయసు మీద పడిందని రాశారు. అతను మాత్రం స్నానం చేస్తూ పాటలు పాడేవాడు. వసంతంలో ఆట మానేశాడు.

సాండు కాలిమీద నాకు ఎక్కువ ఆయుష్షు లేకపోయింది. డిఫెండర్ బతుకు దెబ్బల బతుకు. రెండుగా పగిలాను. నేయా ఫనికా జిగురుతో అతికి, క్లబ్బు ఆఫీసులో గెలిచిన కప్పుల పక్కన అద్దాల బీరువాలో పెట్టాడు. కింద కాగితం: 'క్లబ్బును నిలబెట్టిన మ్యాచ్‌లో ప్రునారు ధరించిన షిన్‌గార్డ్.' అబద్ధమే. కానీ అద్దం వెనక ఉన్నవాళ్ళు ఎదురు చెప్పలేరు.

ఒక ఆదివారం నెలూ వచ్చాడు. కొంచెం పొట్ట వచ్చింది. కాగితం చదివాడు.

"మార్చమంటావా?" అన్నాడు నేయా ఫనికా అద్దం తుడుస్తూ.

"వద్దులే. వేఫర్ల డబ్బా అని రాస్తే ఎవడు నమ్ముతాడు?" అద్దానికి దగ్గరగా జరిగాడు. గొంతు తగ్గించి అన్నాడు, "నేయా, ఒకటి చెప్పాలి. నాకు ఆడినన్నాళ్ళూ భయంగానే ఉండేది. ఎవడైనా దగ్గరికి వస్తే చాలు."

"తెలుసు."

"నీకా?"

"అందరికీ తెలుసు. డ్రైవర్‌కి కూడా."

పదిహేడేళ్ళు నేనొక్కదాన్నే దాచాననుకున్న రహస్యం అది. నెలూ నావైపు చూశాడు, నేనే చెప్పేసినట్టు.

"మరి ఎవడూ ఒక్క మాట అనలేదే?"

నేయా ఫనికా గుడ్డ మడిచి భుజాన వేసుకున్నాడు.

"బంతి బాగా వచ్చేది గదరా," అన్నాడు. "ఎందుకు చెడగొట్టడం?"