వ్యాన్ వెనక స్నానం

"రేపు సాయంత్రం ఐదింటికొస్తా, అన్నా. అప్పటికి ఈ పుండ్లు కడిగి ఉండాలి. లేదంటే వార్డుకి తీసుకెళ్లిపోతారు, నా చేతిలో ఏం లేదు," అని చెప్పి వెళ్లింది కట్లు కట్టే నర్సు. ముక్కు మూసుకోకుండా ఉండడానికి పాపం చాలా కష్టపడింది. ఆ వాసన నాకు తెలీదా? కాలిన వీపుతో నా భార్య ఆసుపత్రి నుంచి వచ్చి పదకొండు రోజులు. ఒంటిమీద చుక్క నీరు పడనివ్వలేదు.

వార్డులో ఉన్నప్పుడు స్నానాలగది తలుపు మూసి ఇద్దరు పట్టుకుని కడిగారు. ఆ కేకలు ఇప్పటికీ నా చెవుల్లోనే ఉన్నాయి. "మళ్లీ అక్కడికి పంపితే నేను తిరిగి రానయ్యా," అంది. ఊరికే అనే మనిషి కాదు. 

బాత్రూంలో గ్యాస్ గీజరు పేలినప్పటి నుంచి ఆవిడ నాలుగు గోడల మధ్య ఉండలేకపోతోంది. అందుకే బావమరిది తన క్యాంపర్ వ్యాన్ తెచ్చి మా ఇంటిముందు పెట్టాడు. మంచం, పొయ్యి అన్నీ అందులోనే. వెనక తలుపులు బార్లా తెరిచి ఆ అంచునే పడుకుంటుంది. లోపల బీరువా అంత బాత్రూం ఉంది కానీ దాని వంక కన్నెత్తి చూడదు.

"బయట షవర్ పెడదాం బావా," అన్నాడు వాడు. మర్నాడు పొద్దున్నే మొదలుపెట్టాం. ఎండకి నీళ్లు గోరువెచ్చనవుతాయని వ్యాన్ పైన నల్ల డ్రమ్ము కట్టాం. బ్యాటరీకి చిన్న మోటారు తగిలించి, గొట్టం వెనక తలుపు మీదుగా లాగి, షవర్‌ని కొక్కేనికి వేలాడదీశాం. మోటారు వేయగానే అతుకు ఊడి నీళ్లన్నీ నా నెత్తిన పడ్డాయి. "ముందు నీకే అయింది బావా స్నానం!" అని నవ్వాడు. నోటికొచ్చినట్టు తిట్టాను.

వీధిన పోయేవాళ్లు చూస్తారుగా? ప్లైవుడ్ పలకలతో మూడు పక్కలా అడ్డం కట్టాను. పైన ఆకాశమే. నాలుగో పక్క తలుపు పెట్టాను. ముప్పై ఏళ్లుగా తలుపులు చేసే వడ్రంగిని, అదెంత పని! నాలుగింటికల్లా అంతా సిద్ధం.

చెయ్యి పట్టుకుని దించాను. రెండడుగులు వేసి ఆగిపోయింది. 

"ఏమైందే?"

 చూపు తలుపు మీదే ఉంది. అప్పుడు చూశాను. లోపలివైపు గడియ.

నేనే బిగించాను. ఎప్పుడో కూడా గుర్తులేదు. తలుపు చేస్తే గడియ పెట్టడం నా చేతికి అలవాటు.

ఇంట్లో బాత్రూం గడియ పెట్టిందీ నేనే. బిగుసుకుపోతోంది చూడమని నెలరోజులు అడిగింది. ఊళ్లోవాళ్ల తలుపులన్నీ బాగుచేశాను, మా తలుపు తప్ప. ఆరోజు లోపల్నుంచి పిలిచింది. తువ్వాలు మర్చిపోయి ఉంటుంది, రోజూ ఉండే గోలే అనుకుని "వస్తున్నా" అన్నాను. మళ్లీ పిలిచింది. "వస్తున్నానన్నాగా, కొంపలేం మునిగాయి!" అని అరిచి, బల్ల చెక్కకి చిత్రిక పడుతూ కూర్చున్నాను. గ్యాస్ వాసనకి బయటికి రాబోతే గడియ రాలేదట. ఛీ, నాదీ ఒక బతుకేనా!

సుత్తి తీసి తలుపు ఊడబెరికాను. పలకలు కూడా పీకి పారేశాను.

"బావా, జనం చూస్తారు!"

"చూస్తే చావనీ! దుప్పటి పట్టుకుని అటు తిరిగి నిలబడు!"

అయినా ఆవిడ కదల్లేదు. "నీకు దణ్ణం పెడతానే, రావే. తప్పు నాదే," అని ఏడ్చేశాను.

"తెలుసు," అంది. ఒక అడుగు ముందుకేసి, "నేను అరుస్తాను. వస్తున్నా అనొద్దు."

"మరేమనను?"

"ఇక్కడే ఉన్నా అను. ఆపకుండా అను."

మోటారు వేశాను. మొదటి చుక్కకే కెవ్వుమంది. "ఇక్కడే ఉన్నానే," అన్నాను. అరుస్తూనే ఉంది, అంటూనే ఉన్నాను. గొంతు బొంగురుపోయింది. మధ్యలో నర్సు వచ్చి, సంచి కింద పెట్టి, దుప్పటి రెండో కొస పట్టుకుంది.

డ్రమ్ము ఖాళీ అయింది. ఇంకా అంటూనే ఉన్నాను.

"తువ్వాలు," అని పిలిచింది.

నా భుజం మీదే ఉంది.