వెంకటస్వామి కార్జం

టీబీకి ఇచ్చిన మాత్రలు వెంకటస్వామి పొద్దున్నే పరగడుపున మింగేవాడు. సారా మాత్రం గొర్రెలను దొడ్డికి తోలాక, సందెవేళ. నడుమ పన్నెండు గంటల ఎడం. ఇక ఆ రెండూ కడుపులో ఎదురుపడేదెక్కడ? బేస్తవారిపేట చుట్టుపక్కల తనంత తెలివైన కాపరి లేడని ఆయనకు గట్టి నమ్మకం.

మాత్రలు మొదలుపెట్టిన రోజు భార్య కృష్ణమ్మ చేతిలో చెయ్యేసి, చుక్క ముట్టనని ఒట్టు పెట్టాడు. రెండు నెలలు నిలబడ్డాడు కూడా. దగ్గు తగ్గింది, ఒళ్లు తేలికపడింది. ఉన్ని కత్తిరించిన రోజు తోటి కాపరులు గ్లాసు అందిస్తే కాదనలేకపోయాడు. ఆ తర్వాత రోజూ ఏదో ఒక సాకు. సాకులకేం కరువు!

మూడు వారాలు తిరిగేసరికి అన్నం చూస్తే వాంతి. "ఎండదెబ్బలే" అన్నాడు. కృష్ణమ్మ వినిపించుకోలేదు. వాకిట్లో వెలుతురుకు కూర్చోబెట్టి, జబ్బు గొర్రెకు చూసినట్టే బొటనవేలితో కంటిరెప్ప కిందికి లాగింది. తెల్లగుడ్డు పసుపు పూసినట్టుంది.

"లెయ్యి. ఆసుపత్రికి పోదాం" అన్నది.

డాక్టర్ అరుణకుమారి రక్తపరీక్ష కాగితం చూసి అడిగింది. "తాగుతున్నారా, పెద్దాయనా?"

"లేదమ్మా."

"తాగడు మేడమ్. నా చేతిలో ఒట్టేసినాడు" అంది కృష్ణమ్మ, కాస్త గొప్పగా.

"అయితే మాత్రలే పడలేదన్నమాట. వాటిని మార్చాలి, వైద్యం ఇంకా పొడుగవుతుంది. ఈ మాత్రల భారమంతా లివర్ మీద... అదే, కార్జం మీద పడుతుంది. సారా భారమూ దానిమీదే. అందుకే అడిగాను."

కార్జం అంటే వెంకటస్వామికి ఒకరు చెప్పాలా! చచ్చిన గొర్రెలను ఎన్నింటిని కోసి చూడలేదు! గట్టిపడి, రంగు మారి, కుక్కలు కూడా వాసన చూసి వదిలేసిన కార్జాలు ఎన్ని పారేయలేదు! అలాంటిది తన కడుపులోనూ ఉందేమోనని తోచి ఆయనకు చెప్పలేనంత భయం వేసింది. పక్కనున్న కృష్ణమ్మను చూస్తే సిగ్గు ముంచుకొచ్చింది.

"తాగినానమ్మా" అన్నాడు తల వంచుకుని. "మూడు వారాలుగా. పొద్దున మాత్ర, సాయంత్రం సారా. అంత ఎడం ఉంటే ఏం కాదనుకున్నా."

"ఎడం పెట్టినా లాభం లేదు. మాత్రలు నడిచినన్నాళ్లూ చుక్క కూడా వద్దు. నిజం చెప్పి మంచిపని చేశారు. కొన్నాళ్లు నేనే మాత్రలు ఆపించి, కార్జం కుదుటపడ్డాక ఒక్కొక్కటీ మళ్లీ మొదలుపెడతాను. మీ అంతట మీరు మాత్రం ఆపొద్దు. అది కోలుకుంటుంది, మీరు కోలుకోనిస్తే."

బయట వరండాలో కృష్ణమ్మ పరీక్ష కాగితం మడిచి కొంగున ముడేసుకుంది, ఒక్క తిట్టూ తిట్టలేదు. ఆయనకు అదే ఎక్కువ బాధ.

"ఏందే, తిట్టరాదా?"

"తిట్టేదానికి మనిషి ఉండాల గదా. ముందు బాగుపడు."

నెల తిరిగేలోపు కళ్లు తేటపడ్డాయి. మళ్లీ పరీక్ష చేసి, మొదటి మాత్ర డాక్టరే చేతిలో పెట్టింది. ఆ సాయంత్రం ఇంటికి రాగానే కృష్ణమ్మ నడుముకు కొంగు బిగించి, గొంతు పోయేదాకా తిట్టింది. వెంకటస్వామి మంచమ్మీద కూర్చుని, కడుపు నిండా విన్నాడు.