ఎదిల్బెర్తోకు రాని వేవిళ్లు

గుంజల మీద ఇల్లు, ఇంటి కింద సరస్సు, మెట్టు మీద నెరెయిదా, ఒళ్లో చేపల పళ్లెం. పొలుసు తీస్తోందే గాని ధ్యాస దాని మీద లేదు. మూడో నెల. కళ్ల మీద నుంచి నిద్ర దిగదు. నీళ్లు ఊగితే తనూ ఊగుతున్నట్టుంటుంది, లోపలున్న ప్రాణమూ ఊగుతున్నట్టుంటుంది.

"నా కొడుకు మూడుపూటలా శుభ్రంగా తింటున్నాడు," అంది వెనక నుంచి అత్తగారు కార్మెలినా.

ఇంకెక్కడైనా అది సంతోషమే. ఆ ఊళ్లో మాత్రం నింద. భార్య కడుపుతో ఉంటే వాంతులు, పులుపు కోరికలు మగవాడికి రావాలి. ఎవడికొస్తే వాడే తండ్రి. నెరెయిదా మొగుడు ఎదిల్బెర్తోకు ఒక్క తేన్పు కూడా రాలేదు. పక్కింటి సౌల్ మాత్రం వారం రోజులుగా పడవ అంచు పట్టుకుని కక్కుతూనే ఉన్నాడు.

"పాడైన రొయ్యలు తిన్నాడత్తమ్మా."

"రొయ్యలు ఊరంతా తిన్నది. కక్కింది వాడొక్కడే."

పదేళ్ల కాపురం. అతని వలలు కుట్టింది, చేపలు ఉప్పేసి ఎండబెట్టింది, జ్వరమొస్తే పసిపిల్లాడిలా చూసుకుంది. అవేవీ సాక్ష్యానికి రాలేదు. "తప్పు లేకపోతే భయమెందుకే? తండ్రెవరో తేల్చే పరీక్షకు రక్తం ఇచ్చేసెయ్, అమ్మ నోరు మూతపడుతుంది," అన్నాడు ఎదిల్బెర్తో. పడవలో పట్నం వెళ్లారు. పరీక్ష కోసం అతని బుగ్గ లోపల దూదితో తుడిచారు, ఆమె చేతికి సూది గుచ్చారు. తల్లి రక్తంలోనే బిడ్డ జాడ తిరుగుతుంటుందని నర్సు చెప్పింది. తిరుగు దారంతా నెరెయిదా ఆ మాటలోనే తేలింది. పొగమంచులో గట్లు లేవు, ఊరు లేదు, అత్త లేదు. ఒంట్లో నెమ్మదిగా తిరుగుతున్న ఆ చిన్నప్రాణం, తనూ. అంత హాయి ఆమె ఎన్నడూ ఎరగదు. ఎదురుగా కూర్చున్న మనిషి ఎవరో గుర్తు చేసుకోవాల్సి వచ్చింది.

రెండు వారాలకు కాగితం వచ్చింది. తండ్రి ఎదిల్బెర్తోనే. వచ్చేపోయే పడవలన్నిటికీ అతను దాన్ని ఎత్తి చూపించాడు. కార్మెలినా కొబ్బరన్నం వండి, మొదటి ముద్ద కోడలికే పెట్టబోయింది. ఆ సాయంత్రమే అతనికి పచ్చిమామిడి తినాలనిపించింది కూడా! అత్త మురిసిపోయింది.

నెరెయిదా బట్టల మూట పడవలో పెట్టి, తెడ్డు అందుకుంది.

"ఎక్కడికే?" అన్నాడు ఎదిల్బెర్తో.

"మా అమ్మ దగ్గరికి. ఇక రాను."

"పిచ్చా? తండ్రెవరో తెలిసిపోయిందిగా, ఇంకా కోపమేంటి?"

"కోపం కాదు. బిడ్డకు తండ్రున్నాడని మీకు ఇవాళ తెలిసింది. నాకు మొగుడు లేడని, నువ్వు నా రక్తం అడిగిన రోజే తెలిసింది."