పోగు తెగితే నన్నే అడగాలి

నేను ఒక చిన్న ప్రశ్నను. కంప్యూటర్ ప్రోగ్రాంలో తొమ్మిది వరుసలే నా ఒళ్లు. "ఎవరైనా మీట నొక్కారా?" అని కీబోర్డును అడిగి, జవాబు పట్టుకుని పరుగెత్తడమే నా పని. నొక్కేదాకా కాచుకుని కూర్చోవడం నాకు చేతకాదు. నేను కూర్చుంటే మగ్గమూ కూర్చుంటుంది.

నన్ను రాసింది ధర్మవరం సుధారాణి, మామ కుళ్లాయప్ప మరమగ్గం కోసం. పోగు తెగగానే ఆయన కీబోర్డులోని పొడుగు మీట, స్పేస్ బార్, నొక్కుతాడు, నేను చూసి చెబుతాను, మగ్గం ఆగుతుంది. సెకనుకు వందసార్లు అడుగుతాను. దాదాపు ప్రతిసారీ "లేదు" అనే జవాబే. మనుషులైతే రెండోసారికే మొహం మాడ్చుకుంటారు.

పాత కంప్యూటర్ చెడిపోయి, విండోస్ పోయి లైనక్స్ వచ్చింది. అక్కడొక కాపలాదారుడున్నాడు. ఎంటర్ కొట్టేదాకా నొక్కిన మీట సంగతి నా దాకా రానివ్వడు. పోగు తెగింది, కుళ్లాయప్ప నొక్కాడు, నాకు మాత్రం "లేదు" అనే వినిపించింది. నమ్మాను. పెళ్లిచీర కొంగులో జానెడు పొడవున చార పడింది. మూడు రోజుల నేత. సిగ్గుతో చచ్చిపోయాను.

"ఇంగొక చీర పోయిందంటే ఈ డబ్బా తీసేస్తా సుధమ్మా. డిజైనుకు చిల్లులు కొట్టిన పాత అట్టలే మేలు," అన్నాడాయన.

సుధ పట్టుబట్టి కూర్చుంది. మగ్గం నడిచినంతసేపూ ఏ మీట కబురూ ఆపవద్దని కాపలాదారుడికి చెప్పింది. నాకు విండోస్, లైనక్స్ రెండు ఊళ్ల భాషా నేర్పింది. ఎంత సంబరమో నాకు!

ఆయుధపూజ మర్నాడు స్విచ్ వేస్తే మగ్గం కదల్లేదు. నేను "నొక్కారు, నొక్కారు" అని గొంతు చించుకుంటున్నాను. అది విని మగ్గం ఆగే ఉంది, మనుషులకు వినపడితేగా? కుళ్లాయప్ప అట్టలు దించడానికి అటక మీదికి చెయ్యి చాచాడు. సుధ నా జవాబులన్నీ తెరమీద పరిచి చదివింది.

"ఉండు మామా. ఇది అబద్ధం చెప్పదు. యాదో మీట దిగబడిపోయింటాది."

దిగబడింది పొడుగు మీటే. ముందురోజు ఆయనే భక్తిగా దానికి పసుపు మెత్తి, కుంకుమ పెట్టాడు. అది ఎండి మీటను పట్టేసింది. సుధ పిన్నీసుతో గీకగానే మగ్గం కదిలింది. మధ్యాహ్నం పోగు తెగింది. ఆయన నొక్కాడు. వేలు లేచేలోపే మగ్గం ఆగింది. కుళ్లాయప్ప కొంగు తడిమి చూసుకుని, పోగు అతికాడు.

మరుసటి ఏడు పసుపు పళ్లెంతో వచ్చి నిలబడ్డాడు.

"బొట్టు యాడ పెట్టాల సుధమ్మా?"

"మీటలు ఇడిసిపెట్టి యాడన్నా పెట్టు మామా."

మర్నాడు మగ్గం స్విచ్ వేయగానే మొదటి ప్రశ్న అడిగాను. "లేదు" అంది కీబోర్డు. అంత తియ్యటి "లేదు" నేనెప్పుడూ వినలేదు.